నల్లపురుగుడు పొదకు మందు కొట్టనివ్వని ఎండాకాలం

ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట మీద మేము నాటిన మొక్కలు ప్రతి వానకూ కిందికి దిగి, మా నర్సరీ గేటు దాకా వచ్చి పలకరించి పోతున్నాయి. అక్కడ పట్టు విడవనిది నల్లపురుగుడు పొద ఒక్కటే. నర్సరీ కంచె వెంట ఆ పొదల వరుస ఉంది. వానలకు ముందే వాటి గింజలు తీసి గుట్ట మీద చల్లి తీరాలని పెద్దసారు ముందు మాటిచ్చాను. వృక్షశాస్త్రం చదివినవాడికి ఉద్యోగంలో ఇలాంటి అవకాశం తరచుగా రాదు.

నర్సరీలో పురుగుమందు కొట్టే డ్యూటీ, మేమంతా కాక అని పిలిచే పెద్దాయనది. మోకాళ్లు అరిగి భూగర్భ గని నుంచి పైకి వచ్చినవాడు. గనిలో పైకప్పును కర్రతో తట్టి, డొల్లగా మోగిన రాయిని మీద పడకముందే దించెయ్యడం ఆయన అలవాటు. పైన మొక్కలకూ అదే పద్ధతి. బెజ్జం పడ్డ కాయ కనిపిస్తే తెంపి పారేసేవాడు. ఈ పొదలు మొగ్గ తొడిగాక ఒకరోజు మందు పంపు కూడా వీపుకెత్తుకుని వచ్చాడు.

"వీటికి మందు వద్దు కాక. పొద్దుగూకినంక చిన్న రెక్కల పురుగొకటి వస్తది. పూలకు పుప్పొడి అంటించేది అదే. అదే పువ్వుల గుడ్డు పెడ్తది. దాని పిల్ల కొన్ని గింజలు తింటది, మిగిలినయి మనకు."

"అంటె దొంగనే కావలి పెట్టుమంటవు."

"ఆ దొంగ రాకుంటె కాయే లేదు కాక."

"సదువుకున్నోళ్లకు పురుగు మీద గూడ జాలే. గింజలు రాకుంటె సారుకు నువ్వే జెప్పుకో."

చెప్పుకుంటానన్నాను. ఆ పురుగుతో నా పరిచయం అప్పటికి పుస్తకాల్లోనే అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

పురుగు రాకుంటే ఏమవుతుందో చూడాలని, మొగ్గలున్న ఒక కొమ్మకు మా ఇంటి దోమతెర కత్తిరించి కట్టాను. దాని మీద ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం. మందు కొట్టే రోజుల్లో పొదల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాక నన్ను చూసి, "ఇయ్యాల సుత ధర్నానా బిడ్డా" అంటూ టేకు మొక్కల వైపు వెళ్లేవాడు.

కాయలు నల్లబడ్డాక ఇద్దరం కలిసి తెర విప్పాం. ఆ కొమ్మకు ఒక్క కాయ లేదు. మిగతా కొమ్మల నిండా కాయలే, చాలావాటికి బెజ్జాలు. కాక బెజ్జం పడ్డ కాయనొకదాన్ని గోటితో చీల్చాడు. కొన్ని గింజలు పొట్టు, మిగిలినవి గట్టివి. వాటిని అరచేతిలో దొర్లించి చూశాడు.

"ఇవి మొలుస్తయా?"

"మొలుస్తయి."

కాక సంచి తెచ్చి తెంపడం మొదలుపెట్టాడు. కంచె చివరి రెండు పొదల దగ్గర ఆపాను. వాటి కాయలు పురుగుకే వదలాలి, వచ్చే ఏడు మళ్లీ దానితో పని ఉంది.

"సారు అడిగితె ఏం జెప్తవు?"

"పురుగులను పెంచుతున్నమని చెప్త."

కాక సంచి మూతి ముడేశాడు. "నేను సుత వస్త పా. నువ్వొక్కనివే చెప్తె నమ్మడు."