ఆమె పెట్టలు, నా పుంజులు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు సూర్యాపేట అంగడి మళ్లీ నిండుగా సాగింది. కోళ్లు, గుడ్లు అమ్ముకుందామని నేనూ మా తోడికోడలూ ఒక్కసారే అనుకున్నాం. గుడ్లు నేను కొన్నాను, పొదిగే కోడి ఆమెది. పిల్లలు చెరి సగం. కోడి ఎవరిదైతే వాళ్లే ముందు ఏరుకోవాలి, మా దిక్కు అదే పద్ధతి.

ఆమె ఏరుకుంది. పెరిగాక చూస్తే ఆమెవన్నీ పెట్టలు, నావన్నీ పుంజులు! నాకు ఒళ్లు మండిపోయింది. అంత చిన్న పిల్లల్లో ఏది పెట్టో ఎవరికైనా తెలుస్తుందా? ఆమెకు తెలుసని ఇప్పటికీ నా అనుమానం.

రెండోసారి పంతం పట్టాను. "ఈసారి నేను ముందు ఏరుకుంట" అన్నాను.

"గట్లనే కానియ్యి అక్కా, నువ్వే ఏరుకో" అంది నవ్వుతూ. ఆ నవ్వుకు ఇంకా మండింది. చలాకీగా ఉరికే పిల్లల్నే ఏరి ఏరి పట్టుకున్నాను. అవీ పుంజులే అయ్యాయి.

అంగడిలో ఇద్దరం పక్కపక్కనే గంపలు పెట్టుకునేవాళ్లం. నా పుంజులు కూస్తే జనం తిరిగి చూసేవారు. చూసి, ఆమె దగ్గర గుడ్లు కొనుక్కుపోయేవారు. పుంజును కొనాలంటే పండగో జాతరో రావాలి, గుడ్డుకు ఏ రోజైనా ఒకటే.

ఇంటికొచ్చి, అమ్ముడుపోని పుంజుల్ని వాకిట్లో వదిలి నూకలు చల్లేదాన్ని. నా నూకలు కడుపునిండా మేసి, రెక్కలు దులుపుకుని, దడి దూకి ఆమె పెట్టల దగ్గరికే పోయేవి.