నేను చెప్పని రెండో అర్థం

మొన్న ఆదివారం మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్లో మెసేజీ పెట్టింది. "అమ్మమ్మా, గుడ్ న్యూస్!" అని, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ. నేను కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని, రెండుసార్లు చదివి, "శుభం, కొత్త ఉద్యోగమా?" అని రాశాను. మా అమ్మాయి పక్కగదిలోంచి వచ్చి నెత్తి కొట్టుకుంది. "అది కాదమ్మా! గుడ్ న్యూస్ అంటే అదే!" అంది. అదే అంటే ఏది అన్నాను. "అదేనమ్మా..." అని కళ్ళతో ఏదో సైగ చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. యాభై దాటిన మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఇంట్లో మేమిద్దరమే ఉండగా కూడా "అది కడుపుతో ఉంది" అని అనలేకపోయింది. అందులోనూ పెళ్ళై మూడేళ్ళైన పిల్ల సంగతి! నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఈ విషయంలో ఎవర్నీ కోప్పడే మొహం నాకు లేదు.

అరవైల ఆఖర్లో మాట. మాది సాలూరు. నాన్నకి చింతపండు వ్యాపారం. కొండల మీంచి కావిళ్ళతో దిగిన చింతపండుకి మా కొట్టు వెనక వసారాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు తీసేవారు. తర్వాత అది లారీలెక్కి రాయపూరు వైపు వెళ్ళిపోయేది. ఆ పులుపు వాసన మా చీరలకీ, పుస్తకాలకీ, దేవుడి గూటిక్కూడా పట్టేసి ఉండేది. నేను ఎస్సెల్సీ ప్యాసై, సంబంధాలు చూస్తున్నామని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లని. తెలుగులో స్కూలుకి ఫస్టు. ఆ గర్వం ఇంతా అంతా కాదు. పిక్కలు తీసేవాళ్ళు "ఎల్తన్నాను" అంటే "వెళుతున్నాను అనాలి" అని దిద్దేదాన్ని. "అలాగే అమ్మీ, ఎల్తన్నాం" అని వాళ్ళు నవ్వుతూ వెళ్ళిపోయేవారు. వాళ్ళలో ఒకామె నాకంటే నాలుగేళ్ళు పెద్దది. తల్లీ కూతుళ్ళిద్దరూ మా దగ్గరే పని. నాకు జడలు వేసి, పూలు పెట్టి, మా అమ్మ చూడకుండా ఉప్పూకారం అద్దిన చింతకాయ నా చేతిలో పెట్టిన మనిషి. ఆమెని నేను అక్కా అనేదాన్ని.

ఊరి చివర కేథలిక్ సిస్టర్ల ఆశ్రమం ఉండేది. పైకి అది కుట్టుపని నేర్పే చోటు. లోపలి సంగతి ఊరంతటికీ తెలుసు, ఎవరూ అనేవారు కారు. పెళ్ళి కాకుండా కడుపొచ్చిన పిల్లలూ, మొగుడు పోయాక నెల తప్పినవాళ్ళూ ఆ గేటు దగ్గరికి వెళితే, ఏ కులమని గానీ ఎవరివల్లనని గానీ అడక్కుండా చోటిచ్చేవారు. పురుడు పోసేవారు. బిడ్డని పెంచుకుంటానంటే తల్లినీ బిడ్డనీ ఉంచుకునేవారు, నావల్ల కాదంటే పిల్లల్లేని దంపతుల్ని చూసి ఇచ్చేవారు. మా పేట పెద్దమనుషులు ఆ గేటు ముందునుంచి వెళ్ళేటప్పుడు మొహం తిప్పుకునేవారు. తమ ఇంట్లో అవసరం పడితే మాత్రం "మా పిల్ల కుట్టు నేర్చుకోడానికి వెళ్ళింది" అనేవారు. ఆరు నెలలు కుట్టు నేర్చుకుని వచ్చిన ఆ పిల్లకి బొత్తాం కుట్టడం కూడా వచ్చేది కాదు. అయినా ఎవరూ ఏమీ అడిగేవారు కారు.

ఆ ఏడాది తెలుగు బాగా వచ్చిన పెద్ద మదర్ కంటి ఆపరేషనుకని విశాఖపట్నం వెళ్ళింది. కేరళ నుంచి కొత్తగా వచ్చిన ఒక సిస్టరు గేటు చూసుకునేది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, గలగలా నవ్వే మనిషి. తెలుగు ముక్క రాదు. వాళ్ళకి సరుకులు మా కొట్టునుంచే వెళ్ళేవి కనక నాన్నని అడిగి, మధ్యాహ్నం పూట గంటసేపు నాచేత పాఠం చెప్పించుకునేది. నేను ఆమెకి నేర్పిన తెలుగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నేను అన్నము భుజించితిని", "మీరు క్షేమముగా ఉన్నారా?" సాలూరు సంతలో ఆ భాష ఎవరికి కావాలి? ఒకరోజు స్నానం అనే మాట వచ్చింది. "ఇక్కడివాళ్ళు నీళ్ళోసుకోవడం అంటారు" అని చెప్పాను. ఆమె రాసుకుంది. రాసుకుని, కలం ఆపి, "దీనికి వేరొక అర్థము కలదా?" అని అడిగింది.

ఉంది. ఆ మాట ఎరిగిన ఆడదానికెవరికైనా తెలుసు. తల వంచుకుని, గొంతు తగ్గించి "నీళ్ళోసుకున్నాను" అంటే కడుపుతో ఉన్నానని. నాకూ తెలుసు. కానీ పెళ్ళికాని పిల్లని, ఎదురుగా సన్యాసిని, గోడమీద శిలువ. ఎలా చెప్పను? "లేదు" అన్నాను.

తర్వాత రెండు వారాలకి కాబోలు, సిస్టరు పాఠానికి వెలిగిపోతూ వచ్చింది. ఒక స్త్రీతో మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే మాట్లాడిందట. ఆమె మూడు రోజులు వరసగా గేటు దగ్గరికి వచ్చి "నీళ్ళోసుకున్నానమ్మా" అందట. పాపం, శుభ్రంగా ఉన్నానని చెప్పుకోడానికి వస్తోంది కాబోలని సిస్టరు మురిసిపోయి, "మిక్కిలి సంతోషము. ప్రతిదినము నీళ్ళు పోసుకొనుము" అని, మూడోరోజు ఒక ఎర్రసబ్బు కూడా చేతిలో పెట్టిందట. "చేతులు చింతపండు వాసన. మీ అంగడి స్త్రీయే" అని నవ్వింది.

మూడు రోజులుగా అక్క పనిలోకి రావడం లేదు. అంతకు ముందు వేసవంతా ఒక లారీ క్లీనరు మా వసారా చుట్టూ తిరగడం, రాయపూరు వెళ్ళినవాడు మళ్ళీ కనపడకపోవడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అప్పుడైనా నోటితో చెప్పానా? లేదు. ఆమె పుస్తకం లాక్కుని "గర్భవతి" అని రాశాను. ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, తెల్లబోయి నావైపు చూసింది. "వేరొక అర్థము లేదంటివి గదా!" అంది.

వసారాకి పరిగెత్తి అడిగితే అక్క తల్లి ఏడుస్తూ చెప్పింది: "కళింగపట్నం మా సెల్లి కాడికెల్లిపోనాదమ్మీ, సేపలెండబెట్టడానికి. అక్కడెవులో ముసల్ది ఏరుమందిస్తాదంట." కడుపు పోగొట్టే ఆ వేరుమందు తిని అంతకు ముందు ఏడాది మా వీధిలోనే ఒక పిల్ల ప్రాణం పోయింది. వెంటనే వెళ్ళాలి. వెళ్ళాలంటే నాన్నని అడగాలి, అడగాలంటే మళ్ళీ ఆ మాట అనాలి! చివరికి వంటింట్లో అమ్మ చెవిలో ఊదాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, "అప్పుడు నోరు పడిపోయిందేటే నీకు?" అని, తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళి, పిల్లకి సంబంధం కుదరాలని శ్రీకూర్మం మొక్కుకున్నాను, రేపు బయల్దేరుతున్నాం అని చెప్పేసింది. మర్నాడు తెల్లారగట్ల బస్సులో నేనూ, అమ్మా, వెనక సీట్లో గొడుగుతో సిస్టరూ. శ్రీకూర్మనాథుడి దర్శనానికి ఒక కేథలిక్ సిస్టరుని వెంటేసుకుని వెళ్ళినవాళ్ళం మేమేనేమో. బస్సు విజయనగరంలో గంటన్నర ఆగిపోయింది. డ్రైవరు తాపీగా రెండోసారి టీ తాగుతుంటే నేను కోపంతో ఏడ్చేశాను.

కళింగపట్నం ఇసకలో చేపలు పరిచి ఉన్నాయి. అక్క కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. సిస్టర్ని చూడగానే మొహం గంటు పెట్టుకుంది. రమ్మని ఎంత బతిమాలినా కదల్లేదు. ఆఖరికి నావైపు తిరిగి అంది: "మూడుపాల్లు ఎల్లాను అమ్మీ. నీలోసుకున్నానమ్మా అని సెప్పాను. నవ్వీసింది. రోజూ పోసుకో అన్నాది. సబ్బిచ్చి పంపీసింది. నాను మురికిదాన్నని గదా? అలాగే పోసుకున్నాను. ఎంత రుద్దుకున్నా ఇది పోతాదేటి?"

చుట్టూ చేపల వాళ్ళు చేతుల్లో పని ఆపేసి చూస్తున్నారు. ఇక దాచడానికి ఏమీ లేదు. తప్పు ఆవిడది కాదు, నాది, రెండో అర్థం నేనే చెప్పలేదు అన్నాను. "ఎందుకు సెప్పనేదు?" అంది. సిగ్గేసింది అన్నాను.

"సిగ్గు నీకా అమ్మీ?" అంది అక్క. అంతకంటే నాలుగు తిట్టినా బావుండేది.

సిస్టరు ఇసకలో చతికిలబడి "నేను మూర్ఖురాలను, నేను మూర్ఖురాలను" అని ఏడవడం మొదలెట్టింది. "ఏటంతంది?" అని అక్క అడిగింది. తెలివితక్కువదాన్ని అంటోందని చెప్పాను. "అయితే మీరిద్దరూ ఒకటే" అని, ఏడుస్తూనే నవ్వేసింది. కాసేపటికి కొంగు ముడి విప్పి, అందులో ఉన్న వేరుముక్క తీసి సిస్టరు చేతిలో పెట్టింది. మా అమ్మ మాత్రం మొక్కు మొక్కే అని తిరుగు ప్రయాణంలో అందర్నీ శ్రీకూర్మం తీసుకెళ్ళి, సిస్టర్ని గుడి బయట చెప్పులకి కాపలా కూర్చోబెట్టింది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. పెంచుకుంటానంది, ఆశ్రమంలోనే ఉంచుకున్నారు. నాన్నకి సంగతి తెలిసి నా పాఠాలు మానిపించారు. అక్కని పనిలోకి రానివ్వనన్నారు. మొక్కు మాత్రం ఫలించింది, నాకు విజయనగరం సంబంధం కుదిరింది. పెళ్ళయ్యాక ఒకసారి అత్తవారితో జట్కాలో ఆ దారిన వెళుతూ చూశాను. గేటు దగ్గర పీట వేసుకుని అక్క కూర్చుంది, చంకలో పిల్ల. పెద్ద మదరే ఆమెని అక్కడ పెట్టిందట, వచ్చేవాళ్ళ మాట ఇకమీదట నువ్వే విను అని. ఎదురుగా ఒక పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది. "కూకో. ముందు గంజి తాగు. ఏటీ సెప్పక్కర్లేదు" అంటోంది అక్క. తలెత్తి నన్ను చూసింది, చెయ్యెత్తింది. పక్కన మా అత్తగారున్నారు. "ఎవరు వాళ్ళు?" అన్నారు. నేను తల దించుకుని "తెలీదండీ" అన్నాను. మళ్ళీ ఆమెని చూడలేదు.

అందుకే మొన్న పట్టుదల వచ్చింది. ఇన్నేళ్ళు మింగిన మాట ఒక్కసారైనా దాచకుండా అనాలని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ మనవరాలికి రాశాను: "అయితే నీళ్ళోసుకున్నావన్నమాట!"

వెంటనే జవాబొచ్చింది. "పొద్దున్నే పోసుకున్నా అమ్మమ్మా. ఎందుకు?"

అప్పట్లో ఆ మాటకి రెండో అర్థం తెలియని మనిషి ఎక్కడో కేరళ నుంచి రావలసి వచ్చింది. నేను నోరు విప్పడానికి పట్టిన కాలంలో అలాంటి మనిషి నా ఇంట్లోనే పుట్టింది.