తుడిచే ముందు చదవాలి

ఆయన పోయారని ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఏడవలేదు. "అమ్మాయ్, మీ అంకుల్ ఇక లేరు. ఆసుపత్రి వాళ్ళు ఇప్పుడే చెప్పారు. నువ్వేమన్నా తిన్నావా?" అన్నారు. డబ్లిన్‌లో లాక్‌డౌన్ రెండో ఏడాది. వాళ్ళింటికీ మా ఇంటికీ మూడే కిలోమీటర్లు. అయినా వెళ్ళి ఆంటీని పట్టుకుని ఏడ్చే వీల్లేదు. ఆవిడకూ కోవిడే, తలుపు తెరవకూడదు. ఇది జరిగి నెల తిరిగింది. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను.

అంకుల్ అంటున్నాను గానీ ఆయన నాకు చుట్టం కాదు. లెపర్డ్స్‌టౌన్‌లో మొబైల్ యాప్‌లు చేసే చిన్న కంపెనీ మాది, అందులో ఆయన నా సీనియర్. ఆయనది తెనాలి, నాది కరీంనగర్. ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నువ్వూ అలాగే పిలువమ్మా అన్నారు మొదటి రోజు. నాకు నోరు రాలేదు. అంకుల్ అనేశాను. "చేరిన రోజే ముసలాణ్ణి చేశావు, కానియ్!" అన్నారు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆయనేంటో తెలియదు. యాప్ అంటే మొత్తం మేం రాసేది కాదు. ఎవరెవరో రాసి పెట్టిన లైబ్రరీలు తెచ్చుకుంటాం. వాటికి ఇంకొన్ని కావాలి, వాటికి మరికొన్ని. అన్నీ సరైన వర్షన్లలో దొరికితేనే యాప్ తయారవుతుంది. ఒక్కటి దొరకకపోయినా, రెండు లైబ్రరీలు ఒకేదాన్ని వేరు వేరు వర్షన్లలో అడిగినా, తెర నిండా ఎర్ర అక్షరాలు. దాన్నే బిల్డ్ విరగడం అంటాం. విరిగినప్పుడల్లా అందరం ఆయన కుర్చీ వైపు చూసేవాళ్ళం.

ఆయన మా కీబోర్డు ముట్టుకునేవారు కాదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మన భుజం వెనక నిలబడేవారు. "చదువు" అనేవారు. నేను మొదటి రెండు లైన్లు చదివి ఆపేసేదాన్ని. "అదేంటి, సినిమాకెళ్ళి టైటిల్స్ చూసి లేచొస్తావా? చివరిదాకా చదువు." చదివితే, అసలు సంగతి ఎక్కడో నలభయ్యో లైన్లో నక్కి ఉండేది. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో పెద్ద ఎర్రర్ వస్తే ప్రింటు తీసుకుని, లువాస్ ట్రామ్‌లో పేపర్ చదివినట్టు చదువుకుంటూ ఇంటికి పోయేవారు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఒక్కో అక్షరం నోటితో పైకే చెప్పుకునేవారు. ఆఫీసు మొత్తానికి తెలుసు ఆయన పాస్‌వర్డ్. ఎన్నిసార్లు చెప్పినా, "నా దగ్గర ఏముంది దోచుకోడానికి" అనేవారు.

మా వాళ్ళందరికీ ఓ అలవాటుంది. బిల్డ్ విరిగితే చాలు, క్యాష్ తుడిచేయడం. క్యాష్ అంటే, ఒకసారి తెచ్చుకున్న లైబ్రరీల కాపీలు కంప్యూటర్ దాచుకునే చోటు. తుడిచేస్తే అన్నీ మళ్ళీ కొత్తగా వస్తాయి, సగంసార్లు సమస్య పోతుంది, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. ఆయనకు అది ఒళ్ళు మంట. "ముందు చదువమ్మాయ్, తుడవడం తర్వాత. తుడిచాక చదవడానికేం మిగులుద్ది?" అనేవారు. నేను నవ్వేదాన్ని. "మీరు ఇంట్ల పాత పేపర్లు గూడ అమ్మరు గద అంకుల్" అనేదాన్ని. "అమ్మనమ్మా, ఏం చేసుకుంటావో చేసుకో" అనేవారు.

కోవిడ్ మొదలైనప్పుడు మా కంపెనీ ఒక యాప్ చేసింది. వార్డుల్లోకి ఎవర్నీ రానివ్వడం లేదు కదా, నర్సు చేతిలోని ట్యాబ్లెట్‌నూ ఇంట్లో వాళ్ళ ఫోన్‌నూ కలిపి రోగిని చూపించే యాప్. దాని బిల్డ్ మొత్తం అంకులే చూసేవారు. ఆ ట్యాబ్లెట్‌ను ఫోన్‌తో జతచేసే పాత లైబ్రరీ ఒకటుంది. రాసినవాళ్ళు ఎప్పుడో వదిలేశారు. అది ఉన్న పబ్లిక్ సర్వర్ మూసేస్తున్నారని తెలియగానే ఆయన నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, దాని కాపీ ఒకటి మన సర్వర్లో పెట్టెయ్. పది నిమిషాల పని." "చేస్త అంకుల్, ఈ వారం చేస్త" అన్నాను. చేయలేదు. పది నిమిషాల పని కదా, ఎప్పుడైనా చేయొచ్చనుకున్నాను. నా మొహం, ఎప్పుడైనా!

మూడు వారాల తర్వాత ఆయనకు జ్వరం వచ్చింది. ఐదో రోజు అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. పిల్లలు లేరు వాళ్ళకు. ఇంట్లో ఆంటీ ఒక్కరే, దగ్గుతూ. రోజూ సాయంత్రం నాలుగింటికి మా యాప్‌లోనే ఆయన్ని ఐదు నిమిషాలు చూసేవారు. నాలుగు ఎప్పుడవుతుందా అని మధ్యాహ్నం నుంచే ఫోన్ పట్టుకుని కూర్చునేవారట.

అదే వారం, మా యాప్‌లో వీడియో నడిపే లైబ్రరీ ఇచ్చే కంపెనీ వాళ్ళ గడువు. శుక్రవారం మధ్యాహ్నంతో పాత వర్షన్ ఆగిపోతుంది, కొత్తది పెట్టుకోవాల్సిందే. ఎప్పట్నుంచో తెలిసిన గడువే, ఆయనే చేయాల్సింది. ఇప్పుడు నా మీద పడింది. బుధవారం ఆఫీసు బిల్డ్ మెషీన్ మీద పెట్టాను, అది ప్రతిసారీ అన్నీ కొత్తగా తెచ్చుకుంటుంది, విరిగింది. నా లాప్‌టాప్‌లో మాత్రం బాగానే అవుతోంది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. గంటలకొద్దీ ఎర్ర అక్షరాలు చూసి చూసి, నా లాప్‌టాప్‌లోనూ క్యాష్ తుడిచేశాను. మళ్ళీ బిల్డ్ పెట్టాను. ఇక్కడా విరిగింది.

అప్పుడు చదివాను, చివరిదాకా. ఆ పాత లైబ్రరీ ఎక్కడా దొరకడం లేదు. ఉన్న సర్వర్ మూతపడింది. నా లాప్‌టాప్‌లో దాని కాపీ ఉంది కాబట్టే అంతవరకూ అయింది. ఆ కాపీని నా చేత్తో నేనే తుడిచాను. టీమ్‌లో అందర్నీ అడిగాను. అందరూ నాలాంటి వాళ్ళే, అందరూ తుడిచినవాళ్ళే. నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎల్లుండి నాలుగింటికి ఆంటీ ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, తెర తెరుచుకోదు. నా వల్ల. ఆవిడ ఒక్కరే కాదు, ఎన్ని ఇళ్ళల్లోనో. కానీ నాకు కనబడింది ఆవిడ మొహమే.

తుడవని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన లాప్‌టాప్ ఇంట్లో ఉంది.

గురువారం పొద్దున నడుచుకుంటూ వెళ్ళాను. సన్నగా వాన. ముందు గది కిటికీ బెత్తెడు తెరిచి, ఆంటీ మాస్కు పెట్టుకుని లోపల దూరంగా కూర్చున్నారు. ఒకరి లాప్‌టాప్ ఇంకొకరు తెరవడం ఆఫీసు నియమాల ప్రకారం తప్పు. తప్పే. చేశాం. పాస్‌వర్డ్ నేను చెప్పాల్సిన పని లేకపోయింది, ఆంటీకి కంఠతా వచ్చు.

"ఆంటీ, నల్ల తెర ఒకటొచ్చిందా?"

"వచ్చింది. ఇందులో ఏం కొట్టినా ఏమీ పాడవదు కదమ్మా? ఆయన వస్తే చంపేస్తారు నన్ను."

"ఏం కాదు ఆంటీ. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టుండ్రి."

ఒక్కో అక్షరం చెప్పాను. ఆవిడ ఒంటివేలితో కొట్టి, దగ్గొస్తే ఆగి, లాప్‌టాప్ ఎత్తి అద్దానికి ఆనించి చూపించేవారు. మూడోసారి చూపించినప్పుడు ఆ లైబ్రరీ పేరు కనబడింది. పదేళ్ళుగా తుడవని గుట్టలో, భద్రంగా. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్లాస్టిక్ సంచిలో వేసి, కిటికీ సందులోంచి జారవిడిచారు.

"ఇది దొరికితే ఆయన కనబడతారా?" అన్నారు.

"కనబడతరు ఆంటీ." అన్నానే గానీ నాకు నమ్మకం లేదు.

ఇంటికొచ్చి పెడితే మళ్ళీ విరిగింది. ఈసారి వేరే గొడవ, కొత్త వీడియో లైబ్రరీ ఒక వర్షన్ అడుగుతోంది, ఈ పాతది ఇంకొకటి అడుగుతోంది. నా చేయి తుడవడానికే పోయింది. లేచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, పిచ్చిదానిలా, ఒక్కదాన్నే నా గదిలో. గట్టిగా చదివాను, మొదటి లైను నుంచి. ఏ వర్షన్ రెండింటికీ సరిపోతుందో అందులోనే రాసి ఉంది. శుక్రవారం పదకొండున్నరకు బిల్డ్ అయింది. అలవాటుకొద్దీ "అయిందంకుల్" అని ఆయనకు మెసేజ్ పెట్టాను. దాని పక్కన, చదివినట్టు చెప్పే నీలం టిక్కులు రాలేదు, ఇప్పటికీ.

యాప్ స్టోర్ వాళ్ళు శుక్రవారమంతా అనుమతి ఇవ్వలేదు. ఆ రోజు ఆంటీకి కాల్ లేదు. శనివారం మధ్యాహ్నం అనుమతి వచ్చింది. నాలుగింటికి మళ్ళీ ఆ కిటికీ బయటే నిలబడ్డాను, కొత్త వర్షన్ ఫోన్లోకి ఎక్కించుకోవడం ఆవిడకు రాదని. కాల్ కలిసింది. మలయాళీ నర్సమ్మ ట్యాబ్లెట్ పట్టుకుంది. ఆక్సిజన్ మాస్కు వెనక అంకుల్. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నిన్న రాలేదని కోప్పడ్డారా? యాప్ పాడైందండీ. మీ శిష్యురాలే బాగు చేసింది. పప్పు చేశాను, ఒక్కదాన్నే తింటున్నా. మీరు రండి" అంటూనే ఉన్నారు ఆంటీ. ఆయన వేళ్ళు దుప్పటి మీద కొంచెం కదిలాయి. దేనికి కదిలాయో నేను చెప్పలేను. నాకోసమే అనుకోవాలని ఉంది, కానీ అనుకోను.

ఇంతలో పక్క మంచం దగ్గర ఏదో మోగింది. నర్సు ట్యాబ్లెట్‌ను ఆయన పక్కనే పడుకోబెట్టి పరిగెత్తింది. తెర మీద ఇక వార్డు పైకప్పు ఒక్కటే. తెల్ల పలకలు, ఒక దీపం, ఏదో యంత్రం చప్పుడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఎవరూ రాలేదు.

"ఆంటీ, కట్ చేయుండ్రి. ఆమె మళ్ళ చేస్తది" అన్నాను.

"ఉండనీ అమ్మాయ్. ఆయన చూస్తున్నదీ ఇదేగా."

ఫోన్‌ను నాకూ కనబడేలా అద్దానికి ఆనించారు. ఆవిడ లోపలా, నేను వానలో బయటా, ఆ తెల్ల పలకల్నే చూస్తూ ఉండిపోయాం.