మూడు అంకెల గడియారం

నామీద ఒకమ్మాయి ఎమ్మెస్సీ చేస్తోందని చాయ్ హోటల్లో అందరికీ చెప్పాను. ఆమె కాలేజీ మేడం నన్ను చూడ్డానికి హైదరాబాద్ నుంచి కారేసుకొని వచ్చిందని కూడా అన్నాను. ఎవరూ రాలేదు. రాకుండా చేసింది నేనే.

ఆ అమ్మాయిది మా గల్లీయే. వాళ్ల నాన్న, నేను ఒకే గనిలో దిగినవాళ్లం. నర్సింగ్ అయిపోయి, ముసలివాళ్ల సంరక్షణ మీద పై చదువు చదువుతోంది. మతిమరుపు మొదలైన మనిషిని వారం వారం చూసి రాయాలట. మొదటిరోజు నా ఎదుటి కుర్చీలో కూర్చుని మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగింది. గడగడా అప్పజెప్పాను.

“నీకేం గాలే తాతా. నాకు మర్చిపోయేటోళ్లు గావాలె. వేరేటోళ్లను సూస్కుంట,” అని లేచింది.

మా ఆవిడ పోయాక ఆ కుర్చీలో ఒక మనిషి అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

మా బొగ్గుబావుల దగ్గర డాక్టర్ల ముందు అన్‌ఫిట్ అనిపించుకోవడం ఒక విద్య. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది మరి. కుంటడం, దగ్గడం, చూపు ఆననట్టు తడుముకోవడం సగం గోదావరిఖనికి నేనే నేర్పాను. సరే, ఒక్క బావమరిదికి నేర్పాను. వాణ్ని ఫిట్ అని వెనక్కి పంపేశారు.

ఆ విద్యే బయటికి తీశాను.

“బిడ్డా, ఇందాక ఏమో అడిగినవ్... ఏందది?”

ఆమె మళ్లీ కూర్చుంది. కాగితమిచ్చి గడియారం గీయమంది. గుండ్రంగా గీసి మూడంటే మూడు అంకెలు వేశాను: పొద్దుటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు మొదలయ్యే గంటలు.

“కడమయి ఏవి తాతా?”

“ఇంకేమున్నయ్ బిడ్డా?”

ఆమె కళ్లు మెరిశాయి.

అప్పట్నుంచి గురువారం గురువారం వచ్చేది. “తిన్నవా? నిద్ర పడుతున్నదా?” అని అడిగేది. నేను పొద్దున్నే ఆ కుర్చీ తుడిచి పెట్టేవాణ్ని. ఒకసారి జబ్బు రక్తి కట్టాలని చాయ్‌లో ఉప్పు వేశాను. ఇద్దరం తాగాల్సి వచ్చింది.

ఒక గురువారం గుమ్మంలోనే అంది: “మా మేడం నీ గడియారం సూసి మస్తు మురిసింది తాతా! నిన్ను సూడ వస్తదట. నా చదువంత గిప్పుడు దానిమీదనే.”

మేడం ముందు కూడా నాటకం నడిపించగలననే అనుకున్నాను. అంతలో బావమరిది గుర్తొచ్చాడు. దొరికిపోతే మాట పడేది నేను కాదు, ఈ పిల్ల.

“బిడ్డా, పోయిన వారం నువ్వు నీలం చున్నీ ఏసుకున్నవ్. ఆ ముందు వారం మీ అమ్మకు జరమన్నవ్. మొదటిరోజు మాటలు చెట్టు, గిన్నె, రూపాయి. నాకన్నీ యాదికున్నయ్.”

ఆమె భుజం మీది సంచి కింద పెట్టేసింది. తర్వాత అంది: “నా గురువారాలన్ని గంగల గలిపినవ్ గద తాతా. గిది ఆటనా? ఫెయిలైతె నన్నెవలు సదివిస్తరు?”

“వెనక గల్లీల అవ్వ ఉన్నది. కొడుకునే గుర్తువట్టది. నడువు, తోల్కపోత.”

ఆ అవ్వ భర్తా నేనూ ఏళ్ల తరబడి ఒకే షిఫ్టు. ఆమె చేతి అన్నం ఎన్నిసార్లు తిన్నానో. ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది.

“ఎవలయ్యా నువ్వు? ఎవల కోసమొచ్చినవ్?”

అమ్మాయి చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చుంది. నేను తిరిగొచ్చాను.

ఇప్పుడు గురువారాలు పాలకని అటు వెళ్తాను. గుమ్మం ముందు ఆ చెప్పులుంటాయి. “చెట్టు, గిన్నె, రూపాయి. జెర చెప్పవ్వా,” అని లోపల్నుంచి వినిపిస్తుంది. అవ్వ పలకదు. గల్లీలో నిలబడి మూడూ నేను చెప్పుకుంటాను.

పాల దుకాణం మా ఇంటి పక్కనే ఉంది.