నాయన కొట్టిన సున్నాలు

మొన్న తిరుపతిలో మా మనవరాలు, పుస్తకాలకు పేజీలు కట్టే ఉద్యోగం ఇంట్లోంచే చేసుకునే పిల్ల, కంప్యూటరులో వెతికే గడిలో ఏవో రెండు మూడు గుర్తులు కొట్టగానే పేజీలోని పాటల నంబర్లన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఏ అంకె కావాలో చెప్పకుండానే అన్నిటినీ ఎలా పట్టిందే అని అడిగితే, ఫలానా అంకె అని కాదవ్వా, అంకె అయితే చాలు పట్టుకోమని చెప్పినాను అంది. ఓహో, జల్లెడన్నమాట అనుకుని, కళ్లద్దాలు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. తెలియనిది కనబడితే ఊరకుండలేని బుద్ధి నాది.

ఆ పుస్తకం నాకు కొత్తది కాదు. చిత్తూరులో నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సులో అచ్చయిన భజన పాటల పుస్తకమే. మా పెదనాయన కొడుకు, అక్కడ కంప్యూటరు పని చూసిన అన్న, దాచిపెట్టిన పాత ఫైలును తెచ్చుకుని, తెలుగు అంకెలు చదవలేని ఈ కాలం పిల్లల కోసం నంబర్లను మామూలు అంకెల్లోకి మారుస్తోంది మనవరాలు. తొంభై తొమ్మిదో పాట దాకా అన్నీ ఎరుపే. నూరు దగ్గర మాత్రం ఒకటి ఎర్రబడి, రెండు సున్నాలూ నల్లగా మిగిలిపోయాయి. నూటొకటి, నూటరెండు, నూటపది దాకా అంతే; ఆపైన నూటఇరవై, నూటముప్పై, నూటనలభై, నూటయాభై. నూటఅరవై దగ్గర సున్న మళ్లీ బుద్ధిగా ఎర్రబడింది. "కంటికి సున్నే గదవ్వా, దీనికెందుకు దొరకలా?" అని పిల్ల తల గోక్కుంది. పెద్దవి చేసి, వెనకా ముందూ చూస్తే తేలింది. అవి అంకెల సున్నాలు కావు, ‘అం’లో లాగా అక్షరం పక్కన పెట్టే సున్నాలు.

నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మా నాయన ఆ ప్రెస్సులోనే సీసపు అక్షరాలు కూర్చేవాడు. పెట్టెలో అంకెల సున్నాలు గుప్పెడే ఉండేవి, అక్షరాల సున్నాలు దండిగా ఉండేవి. అచ్చులో రెండూ ఒకే గుండ్రం కాబట్టి ఆయన చెయ్యి ఎప్పుడూ దండిగా ఉన్న గడిలోకే పోయేది. కంప్యూటర్లు వచ్చాక, నేర్చుకున్నవాళ్లకే అక్షరాల పని అన్నాడు యజమాని. నాయన మా అన్న పక్కన కూర్చుని, రెండు వేళ్లతో మీటలు వెతుక్కుంటూ నెల రోజులు తంటాలు పడి, చివరికి నూరు నుంచి నూటయాభై దాకా పాటలు నేనే కొట్టినానని చెప్పుకున్నాడు. "మీ అన్న కొడుకు కొట్టి పెట్టినాడులే అప్పా" అని నవ్వేశాడు యజమాని. అన్న ఒట్టేసి చెప్పినా, చిన్నాయన మీద ప్రేమతో చెబుతున్నాడనే అనుకున్నారు అందరూ. నాయనను కాగితాలు మడిచే పనిలో వేశారు.

అందరి సంగతి సరే, నేనేం చేశాను? ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, "పోనీలే నాయనా, ఎవురు కొడితే ఏముండాది" అన్నాను. ఓదార్పనుకున్నాను మరి. ఆయన నా మొగంలోకి చూసి, "నువ్వు గూడానామ్మా" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత కన్నుమూసేదాకా ఆ ఊసెత్తలేదు.

అన్న పని నేర్చిందే కంప్యూటరు మీద, అతని చెయ్యి అక్షరాల సున్న మీదికి పోదు; ఆ అలవాటు నాయనదే. అచ్చంగా నాయన చెప్పిన చోట మొదలై చెప్పిన చోట ఆగిన ఆ పదహారు సున్నాలనూ, ఒక్కొక్క పేజీ తిప్పించుకుని చూశాను. ప్రూఫులో వాటి మీద వేలు పెట్టుకుంటూ పోయినదాన్నే, అప్పుడు కాగితం నాకేమీ చెప్పలేదు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అన్నీ ఒక్క దెబ్బతో మార్చేసేదా అవ్వా?" అంది మనవరాలు. తప్పున్న పేజీని నాయన ప్రెస్సు గడప దాటనిచ్చేవాడు కాదు, అందుకే మార్చెయ్యమన్నాను. రెప్పపాటులో అన్నీ ఎర్రబడ్డాయి. అప్పట్లో ఏ పని చూసినా చేసినవాడి చెయ్యి ఎక్కడో ఒకచోట మిగిలి ఉండేది. ఇప్పటి పని చక్కగా, వేగంగా అయిపోతుంది, ఎవరు చేశారో తెలియదు. ఇన్నేళ్లకు నాయన మాట నమ్మాను. ఇదిగో అని చూపించడానికి ఆయన కొట్టిన సున్న ఒక్కటీ ఇప్పుడు ఆ పుస్తకంలో లేదు.