అన్న చేతిలో రాయి

మా అన్న గుండె ఆగి పోయాడు. పదకొండో రోజు మణికొండలో మా సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద వేసింది పాత పత్రిక ఫొటో. కనుబొమ్మ చీలి నెత్తురు కారుతోంది, నోరు తెరుచుకుని ఉంది, కుడి చేతిలో రాయి పైకి లేచి ఉంది. కింద ‘ఉద్యమ వీరునికి నివాళి’ అని ఉంది. మా అన్న జీవితంలో ఎవరి మీదా రాయి వేయలేదు. ఆ రాయి ఆయన మీద పడింది. పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో అన్న గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఉద్యోగుల బస్సు నడిపేవాడు. అదే కంపెనీలో నేను సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే పత్రాలు రాసేవాణ్ని. వదినతో కలిసి ఒకే ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం, అన్నా నేనూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. కానీ బస్సులో మాకు పరిచయం లేదు. ఆ ఏర్పాటు ఆయనదే.

“బస్సుల నన్ను అన్నా అనకు. డ్రైవర్ తమ్ముడంటే నీకు నామర్ద.”

నేను కాదనలేదు. కాదనాలేమోనని ఆలోచించనూ లేదు. రోజూ ఆయన నన్ను “సార్, జర లోపలికి జరుగుండ్రి” అనేవాడు. ఇంటికొచ్చాక ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయన ఎక్కువ నవ్వేవాడు.

బంద్ రోజుల్లో, జనం రోడ్డెక్కేలోపే మమ్మల్ని ఆఫీసులో చేర్చి గేటు మూసేవారు. డ్రైవర్లను ఖాకీ చొక్కా వేసుకోవద్దనేవారు. రాయి పడిన రోజు మా బస్సు ఆలస్యమైంది, జనం అప్పటికే రోడ్డు మీద ఉన్నారు. అద్దం పగిలిన చప్పుడు కంటే ముందు నేను చూసింది అన్న తల వెనక్కి పోవడం. రాయి ఆయన ఒళ్లో పడింది. ఆయన బండి పక్కకు తీసి, ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, రాయి పట్టుకుని దిగాడు.

“ఎవనిదిరా ఈ రాయి? నేను నల్లగొండోణ్ణిరా!”

“మనోడివైతే బంద్ నాడు బండెందుకు తీసినవన్నా?” అన్నాడు గుంపులో ఒకడు.

“బువ్వ నీ అయ్య పెడ్తడా? జై తెలంగాణ నేను గూడ అంట. డ్యూటీ దిగినంక అంట!”

కొందరు నవ్వారు. రాయి అందరికీ కనబడాలని అన్న చెయ్యి పైకెత్తాడు. ఫొటో అప్పుడు తీశారు. పోలీసులు లాఠీలతో వచ్చిందీ అప్పుడే.

గుంపు చెదిరింది. ఒక పాతికేళ్లవాడు పరుగెత్తుకొచ్చి మా బస్సే ఎక్కి నా పక్కన పడ్డాడు. “డ్రైవరన్నకు తగుల్తదనుకోలే. అద్దానికే ఏసిన,” అన్నాడు. వెనక సీట్లో ఉన్న కోస్తా అమ్మాయి తన కంపెనీ కార్డు తీసి అతని మెడలో వేసి, “కదలకండి, మాట్లాడకండి,” అంది. నేను నా ల్యాప్‌టాప్ సంచి అతని ఒళ్లో పెట్టాను. కానిస్టేబుల్ ఎక్కి మెడల్లో కార్డులు చూసి దిగిపోయాడు. ఆ కార్డు మీద ఉన్నది ఆడపిల్ల ఫొటో అని గమనించలేదు.

కింద అన్నను కొడుతున్నారు. చేతిలో రాయి ఉన్నవాడు ఆయనొక్కడే. “డ్రైవర్ని సార్, డ్రైవర్ని,” అంటున్నాడు. ఎడమ చెవి మీద పడ్డ దెబ్బ బస్సులోకి వినిపించింది, తడి బట్ట బండకేసి కొట్టినట్టు. మోకాళ్ల మీద పడ్డాడు. లేపి మళ్లీ కొట్టారు. పళ్లలోంచి నెత్తురు గడ్డం మీదికి జారింది.

“డ్రైవరని చెప్పేటోళ్లు బస్సుల ఎవరన్న ఉన్నరారా?” అని ఎస్సై అడిగాడు.

అన్న తలెత్తి కిటికీల వైపు చూశాడు. నన్ను చూశాడు.

“ఎవ్వల్లేరు సార్,” అన్నాడు.

నేను దిగలేదు. బస్సులో ఎవరూ దిగలేదు. కానీ మిగతావాళ్లు ఆయన తమ్ముళ్లు కారు.

మర్నాడు పత్రికలో ‘పోలీసులపై తిరగబడ్డ యువకుడు’ అని వచ్చింది. అన్నకప్పటికే నలభై దాటాయి. “పోనీ, యువకుడన్నరు,” అంది వదిన. ఏడుస్తూనే అంది. ఫొటో చూసి ఉద్యోగం తీసేశారు. అదే ఫొటో చూసి మా సందులోవాళ్లు దండ వేశారు. రాయి నాది కాదని అన్న మొదట్లో అందరికీ చెప్పాడు. ఎంత వినయమో అనుకున్నారు. చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాడు.

రాష్ట్రం వచ్చాక ఏటా వేదిక ఎక్కించి శాలువా కప్పేవారు. ఎడమ చెవి ఆ రోజే పోయింది. దవాఖానలన్నీ తిరిగినా వినికిడి రాలేదు. పొగిడే నాయకుడు ఎందుకో ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే నిలబడేవాడు. అందరూ చప్పట్లు కొడితే అన్నా కొట్టేవాడు, తన పొగడ్తకు తనే. కొన్నేళ్లకు, రాయి నేనే విసిరానని చెప్పడం మొదలుపెట్టాడు. “ఈయేడు ఎంత దూరం వొయ్యిందయ్యా?” అని అడిగేది వదిన. ఏటేటా ఇంకొంచెం దూరం పోయేది. నేనూ నవ్వేవాణ్ని. ఆ కథలో బస్సు ఉండేది కాదు. బస్సు లేకపోతే నేనూ లేను.

పదకొండో రోజు ఫ్లెక్సీ కింద, “తమ్ముడు రెండు ముక్కలు మాట్లాడుతడు,” అని ఒక పెద్దమనిషి మైకు ఇచ్చాడు. నేను రెండు ముక్కలే చెప్పాను. రాయి మా అన్న వేయలేదు, ఆయన మీద వేశారు. ఆయన్ని కొడుతుంటే నేను బస్సులో కూర్చుని చూశాను.

“మరి ఫొటో?” అన్నారెవరో. పెద్దమనిషి మెల్లగా మైకు తీసుకున్నాడు.

“తమ్ముడు దుఃఖంలున్నడు. మనసు మంచిగ లేదు. వీరునికి జై!”

అందరూ జై కొట్టారు.

ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. మైకు మాటలు లోపలికి వినిపించాయట. వదిన వడ్డిస్తూ నా దగ్గర ఆగింది.

“దిగితే నిన్ను గూడ కొడుదురు,” అంది.

“అవును వదినా.”

“ఆయనకు జర తక్కువ పడుతుండె.”

పప్పు వేసి, పక్క విస్తరికి వెళ్లింది.