శాంటోరిని మెట్ల మీద మైసమ్మ

పెన్‌పహాడ్ మైసమ్మ గ్రీసు దేశం పోయొచ్చిందంటే సూర్యాపేటలో నవ్వినవాళ్లే ఎక్కువ. నవ్వనీ. ఆ నవ్విన వాళ్లలో ఒక్కరూ విమానం మెట్టు ఎక్కి ఎరగరు.

గొర్లు కాసుకునే ఇంటి ఆడమనిషి ఆమె. మొగడు బీరయ్య పోయాక మందను అమ్మేసి సూర్యాపేటలో ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టింది. లైసెన్సు ఆమె పేరు మీదే ఉంది. కొడుకు ప్రవీణ్ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు కానీ, రోడ్డు మీదికి వినపడే గొంతు మాత్రం ఆమెదే.

మందులు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు విదేశాలు తిప్పుకొని రావడం ఆ వ్యాపారంలో ఆనవాయితీ. మిర్యాలగూడ డీలర్లు అంతకు ముందు బ్యాంకాక్ పోయొచ్చారు. అక్కడ ఏం చూశారో ఇళ్లలో ఇప్పటికీ చెప్పలేదు. రెండు వేల పన్నెండు ఎండాకాలంలో గ్రీసు అన్నారు. సముద్రం నడుమ శాంటోరిని అనే దీవి, కొండ అంచున తెల్లటి ఇళ్లు, ఆ ఊరి కొసన కూర్చుని పొద్దుగూకడం చూడాలట. ఆ మాట చెవిన పడగానే ప్రవీణ్ చలువ అద్దాలు కొనుక్కున్నాడు.

"ఆ అద్దాలు ఇటియ్యి. డీలర్ను నేను" అంది మైసమ్మ.

"గాడ నువ్వేం జేస్తవే అమ్మా? ఇంగ్లీషు రాదాయె."

"సూసుడుకు ఇంగ్లీషెందుకురా? కండ్లున్నయ్ సాలు."

"మోకాళ్లు నొస్తున్నయంటివి గద అత్తమ్మా" అని కోడలు కల్పన మెల్లగా అందించింది.

"యూరియా బస్తాలు దింపిచ్చేటప్పుడు యాదికి రాని మోకాళ్లు గిప్పుడే యాదికొచ్చినయా నీకు?"

కంపెనీ మేనేజరు రామనర్సయ్యది కోదాడ. నెమ్మదస్తుడే, కానీ తనకు తెలియనిది లేదనుకునే మనిషి. "అబ్బాయిని పంపించండమ్మా. అక్కడ జనం విపరీతం, అన్నీ మెట్లే. మీరు తట్టుకోలేరు" అన్నాడు.

"మా తల్లిగారిల్లు దురాజ్‌పల్లి సారు. రెండేండ్లకోపారి పెద్దగట్టు జాతర మా ఇంటి ముందటికెల్లే పోతది. జనమంటే ఏందో నాకు జెప్తవా?"

ఆ ఊపులోనే కొడుకుతో పందెం కట్టింది. అందరితో సమానంగా ఊరి కొస దాకా నడుస్తుంది. చేతగాక బస్సులో కూర్చుంటే, వచ్చిన మరునాడే దుకాణం కొడుకు పేరు మీద రాసిస్తుంది. ప్రవీణ్ ముఖం ఒక్కసారిగా వెలిగింది. మైసమ్మ ఆ వెలుగును చూడనట్టే ఊరుకుంది.

ప్రవీణ్‌ను దుకాణంలోనే ఉంచి, రామనర్సయ్యతో, మిగతా డీలర్లతో కలిసి మైసమ్మే విమానం ఎక్కింది. దీవి అందంగానే ఉంది. సముద్రం నీలిమందు కలిపిన నీళ్లలా ఉంది, గోడలు అప్పుడే సున్నం వేసినట్టున్నాయి. కానీ అవన్నీ మనుషుల తలల సందుల్లోంచి చూడాల్సిందే. ఆ రోజు పెద్ద ఓడలు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని కుమ్మరించాయి. ఇద్దరు పట్టే సందులో ముందు ఒకడు ఫోటో దిగడానికి ఆగితే, వెనక ఊరంతా ఆగాల్సి వచ్చేది.

రామనర్సయ్య చెమట తుడుచుకుంటూ ఒక కాఫీ దుకాణం చూపించాడు. "మైసమ్మగారూ, మీరు ఇక్కడ కూర్చుని బ్యాగులు చూస్తుండండి. మేం అలా వెళ్లి వచ్చేస్తాం."

"మీ బ్యాగులకు కావలి కాయనీకి గింత దూరం వచ్చిన్నా? ఎవల బ్యాగు వాళ్లే మోసుకోండ్రి."

చీర కుచ్చిళ్లు పైకి దోపి ముందు నడిచింది. మోకాళ్లు నొచ్చాయి. ఆ సంగతి మోకాళ్లకు, ఆమెకు తప్ప మూడోవాళ్లకు తెలియదు. ఊరి కొసకు చేరేసరికి రాత్రి ఎనిమిది దగ్గరపడుతున్నా పొద్దు ఇంకా సముద్రం మీదే ఉంది. అరుగులు, గోడలు, కప్పులు అన్నీ నిండిపోయాయి. ఒక నీలం తలుపు ముందరి మెట్ల మీద కొంచెం చోటు దొరికింది. మైసమ్మ కూర్చుని సకినాల డబ్బా తీసింది. మిర్యాలగూడ డీలరు ధర్మేందర్, రామనర్సయ్య, మిగతావాళ్లు ఆమె చుట్టూ సర్దుకున్నారు. పందెం నెగ్గింది, ఇక పొద్దు మునగడమే మిగిలింది.

అప్పుడొచ్చింది ఒక ముసలావిడ. నల్ల గౌను, తలకు నల్ల గుడ్డ, రెండు చేతుల్లో కూరగాయల సంచులు. వచ్చీ రాగానే అరవడం మొదలుపెట్టింది.

"నువ్వెవలవే నన్ను లేపనీకి? మేమేం ఊకెనే రాలే" అంది మైసమ్మ.

ఆవిడ తన భాషలో అంతకు రెండింతలు అంది. మైసమ్మ తగ్గలేదు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా తిట్టు మాత్రం తిట్టులాగే అందుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు పొద్దును వదిలి వీళ్లిద్దరి మీదికి ఫోన్లు తిప్పారు.

"జర ఆగమ్మా, ముసల్ది మంచి కోపం మీదున్నది, ఒక్క ఫోటో దీస్త" అన్నాడు ధర్మేందర్.

ముసలావిడ సంచులు కింద పెట్టి తాళంచెవి పైకెత్తి చూపింది. మైసమ్మ వెనక్కి తిరిగింది. తన వీపు వెనక తలుపు. తలుపు ముందు కాళ్లు తుడుచుకునే పట్టా. ఆ పట్టా మీద ధర్మేందర్ విడిచిన బూట్లు.

పొద్దుగూకే వేళ గడప మీద కూర్చున్నందుకు ఇంట్లో మనవళ్ల వీపులు ఎన్నిసార్లు మోగించిందో ఆమెకే తెలియదు. జాతర జనం తల్లిగారింటి గడప మీదే చతికిలబడి అన్నాలు తింటుంటే, నీళ్ల బిందెతో బయటే నిలబడిపోయిన తల్లి కళ్ల ముందు మెదిలింది. సకినాల డబ్బాకు మూత పెట్టి లేచింది.

"లేవుండ్రి" అంది.

"ఇంకో ఐదు నిమిషాలేనమ్మా. దీనికోసమేగా ఇంత దూరం వచ్చింది" అన్నాడు రామనర్సయ్య.

"మునిమాపుల ఒకల గడప మీద కూసుంటరా సారు? మీ ఇంట్ల ఎవలు జెప్పలేదా?"

"ఇదేం మన ఊరా? వీళ్లకి అలాంటి పట్టింపులేం ఉండవు."

"లేకుంటే ఆమె గట్లెందుకు ఒర్రుతది? లే. నువ్వు గుడ లే ధర్మేందర్, ఆ బూట్లు దియ్యి ఆడికెల్లి."

గొణుక్కుంటూ లేచారు. వాళ్ల పక్కనే చోటు చేసుకుని కూర్చున్న ఎర్ర జుట్టు దొరసాని, ఆమె మొగడు మాత్రం కదల్లేదు. మైసమ్మ వాళ్ల ముందు నిలబడి రెండు చేతులతో గాలిని తోసింది. "నడువుండ్రి, నడువుండ్రి." వాళ్లూ లేచారు. మళ్లీ ఎవరూ ఎక్కకుండా చేతులు చాపి, సముద్రానికి వీపు పెట్టి మెట్టు మీద నిలబడింది. ముసలావిడ సంచులు ఎత్తుకుని ఎక్కింది, తాళం తీసింది.

వెనక జనమంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. పొద్దు మునిగిందన్నమాట.

ముసలావిడ లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఒక మాట లేదు, నవ్వు లేదు. మైసమ్మకు అది నచ్చింది. తానైనా అంతే చేసేది.

బస్సులో రామనర్సయ్య ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. మైసమ్మ సూర్యాపేట చేరేసరికి ప్రవీణ్‌కు ఆయన ఫోను రానే వచ్చింది.

"నీతోటి కంపెనీ ఇజ్జత్ పోయిందంటున్నడు. పొద్దు గుడ సూడలేదట గద నువ్వు" అన్నాడు ప్రవీణ్.

"సూడలే. నడవలేక గాదు, ఎవలో వద్దన్నరని గాదు. నేనే వద్దనుకున్న. పందెం నడుసుడుకే గద కట్టింది."

"పందెం సంగతి ఇడిసిపెట్టు. సారుకు ఒక్క మాట సారీ జెప్పు, ఖతమైతది."

"జెప్త. ముందుగాల ఆయననొకటి అడుగు. కోదాడల వాళ్లమ్మ గడప మీద మునిమాపుల ముక్కు మొగం తెల్వనోళ్లు కూసోని, ఆమెను ఇంట్లకు రానీయకుంటే ఊకుంటడా? ఊకుంటనంటే నేను గిప్పుడే ఫోన్ జేస్త."

ప్రవీణ్ అడిగాడో లేదో తెలియదు. కోదాడ నుంచి మళ్లీ ఫోనైతే రాలేదు. వానాకాలం పంటకు పత్తి విత్తనాల లారీ వచ్చి దుకాణం ముందు ఆగింది. మైసమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, హమాలీలను తిట్టుకుంటూ సరుకు దింపించసాగింది.